పడక ఆజ్ఞ

మీ పిక్క మీద మీరు చెయ్యేసి చూసుకుని ఎన్నాళ్ళయింది? ఇది చదివి వినిపిస్తున్నవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగండి. మంచాల మీద పడుకుని వింటున్నవాళ్ళు దుప్పట్లోంచి చెయ్యి తీసి, ముందు ఎడమ పిక్క, తర్వాత కుడి పిక్క పట్టి చూసుకోండి. రెండూ ఒకేలా ఉన్నాయా? ఒకటి వెచ్చగా, బిగిసిపోయి, రెండోదానికంటే లావుగా ఉందా? ఉంటే చెప్పడానికి సిగ్గుపడకండి. మా తెప్ప మీద సిగ్గుపడి ఊరుకున్నవాళ్ళని గుడ్డలో చుట్టి సముద్రంలోకి దించాం.

నేను దీవెనమ్మని, మా ఊరు నాలుగో తెప్ప. ఆదివారం వాక్యం చెబుతాను, మిగతా రోజులు తెప్ప అడుగున చేరే నీళ్ళు తోడతాను. వాక్యం నాకు ఎవరూ నేర్పలేదు. ఒళ్ళో గ్రంథం పెట్టుకుని వలలు కుడుతూ నేర్చుకున్నదే. రోజు గడిచాక నాలుగు ముక్కలు రాసుకునే అలవాటుంది. వాటిలో మీకు పనికొచ్చేవి తిరగరాసి పంపుతున్నాను. బాగా అలిసిపోయి ఉన్నాను. మాటల్లో అందం వెతక్కండి.

సోమవారం

ఇవాళా సూర్యుడు కనపడలేదు. దక్షిణాన సముద్రంలో ఏదో కొండ పేలిందనీ, దాని బూడిదే ఆకాశమంతా కమ్మిందనీ రేడియోలో ఒక్కసారి చెప్పారు. ఆ తర్వాత రేడియో కూడా మూగబోయింది. పొద్దున లేచి సోలార్ పలకల మీది బూడిద తడిగుడ్డతో తుడిచాను. మధ్యాహ్నానికి మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాను.

ఛార్జింగు గది ముందు జనం, గుండె తిరగలిని నడిపే భుజాల మీది పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గది చూసుకునే ప్రసన్న ఒక్కొక్కరినీ పిలిచి, పెట్టెకి తాళంచెవి పెట్టి, తిరగలి వేగం ఒక మెట్టు తగ్గించి పంపుతోంది. ఇంకా పాతికేళ్ళు నిండని పిల్ల. తన పెట్టె కూడా తనే తగ్గించుకుంది.

"ఎన్నాళ్ళు ఇలాగ?" అని అడిగాను.

"ఎండని అడుగు పిన్నీ. నన్నడుగుతావేంటి?"

పలచన బిళ్ళలు కూడా అడుగంటాయంది. తిరగలి ఉన్నవాళ్ళు నెత్తురు గడ్డకట్టకుండా రోజూ వేసుకునే బిళ్ళలవి. తెచ్చే పడవ బూడిదలో ఎక్కడ చిక్కుకుందో తెలీదు. ఉన్న కాసిని మరీ జబ్బుపడేవాళ్ళ కోసం డబ్బాలో పెట్టి తాళం వేసింది. మిగతా అందరికీ ఇవాళ్టితో ఆపేసింది.

సాయంత్రం మా ఆయన ఎలీషా పడుకుంటే ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. గుండెజ్వరం వచ్చిన ఏడు ఆయన గుండె నానిన గుడ్డలా అయిపోతే, ఓడ మీద వచ్చిన డాక్టర్లు ఆ పని చెయ్యడానికి లోపల తిరగలి పెట్టారు. ఈ తెప్ప మీద దాదాపు అందరికీ అంతే. అది కొట్టుకోదు, తిరుగుతుంది. చెవికి సన్నటి రొద. ఇవాళ ఆ రొద కూడా నీరసంగా ఉంది.

ఆయన లేచి నా ఛాతీ మీద చెవి పెట్టాడు. జ్వరం నన్నూ ఇంకో తొమ్మిదిమందినీ ఎందుకో వదిలేసింది. మమ్మల్ని కొట్టుకునేవాళ్ళు అంటారు.

"నీ లోపల ఎవరో తలుపు తడుతున్నారే."

"తట్టేది ప్రభువని నాకు తెలుసులే. ఎప్పుడో తీశాను."

"తీసినా మానట్లేదంటే, వినపడలేదేమో ఆయనకి. నీ నోరు అంత చిన్నదా?"

మా ఆయన విరామం లేకుండా ఎగతాళి చేస్తాడు. పాతికేళ్ళుగా లంగరు తాడు లాగే పని. ఆ చేతుల మీద నరాలు తాళ్ళలాగే ఉంటాయి.

గురువారం

గంజి కోసం వరసలో నిలబడ్డవాళ్ళు కూలబడిపోయారు. ముందు ఒకరు, ఆ వెంటనే ఇద్దరు. గిన్నెలు దొర్లాయి. నేను గరిటె వదిలేసి పరిగెత్తాను. మొహాలు పాలిపోయి, పెదాలు తెల్లగా ఉన్నాయి. పడుకోబెడితే కాసేపటికి తెలివొచ్చింది.

తిరగలి నెమ్మదైంది, నెత్తురు తల దాకా ఎక్కట్లేదు అని అందరూ అనుకున్నారు. అది నిజమే. కానీ ఒక సంగతి ఆ రోజు చూసి కూడా చూడలేదు నేను, ఇప్పుడు తిరగరాస్తుంటే కనపడుతోంది. ప్రసన్న ఆ వరస పొడుగునా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, అందరి పెట్టెలూ చూస్తూ. ఆ పిల్ల తిరగలీ అంతే నెమ్మది. తను పడలేదు. కదలకుండా నిలబడ్డవాళ్ళే పడ్డారు.

సంఘపెద్ద నెహెమ్యా గారు మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి ఆజ్ఞ చెప్పారు. సూర్యుడు వచ్చేదాకా తిరగలి ఉన్న ప్రతి ఒక్కరూ పడుకునే ఉండాలి. కదిలితే ఛార్జీ ఖర్చు, పడితే ప్రాణం ఖర్చు. పనులన్నీ కొట్టుకునేవాళ్ళు చూసుకుంటారు. పడక ఆజ్ఞ అని ఆయనే పేరు పెట్టారు.

తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "దీవెనమ్మా, జనం నా మాట ఆజ్ఞ అనుకుని వింటారు, నీ మాటైతే వాక్యం అనుకుని వింటారు. ఆదివారం నువ్వు చెప్పాలి."

"ఏం చెప్పమంటారు పెద్దయ్యా?"

"ఊరకుండమన్న కీర్తన లేదూ? అది."

ఆదివారం

చెప్పాను. పడకల గది గుమ్మంలో నిలబడి, గొంతు పగిలేలా చెప్పాను. మీ పరుగులు ఆపండి, మీ చేతులు దించండి, ఊరకుండి ఆయనే దేవుడని తెలుసుకోండి. మంచాల మీంచి ఆమెన్లు వచ్చాయి. బాగా చెప్పానని నాకే అనిపించింది. ఎలీషా అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

"పాతికేళ్ళకి దేవుడు నాకు సెలవిచ్చాడు, అదీ నా పెళ్ళాం నోటితో," అన్నాడు నేను గంజి తెచ్చేసరికి.

"మింగు ముందు."

"కాస్త ఉప్పు."

"నీ కాళ్ళున్నాయిగా, పోయి తెచ్చుకో."

"ఆజ్ఞ ఉందే. పాపం చెయ్యమంటావా?"

పదిమందిమి మొత్తం తెప్పని మోస్తున్నాం. నీళ్ళు వడకట్టడం, గంజి కాచడం, పలకలు తుడవడం, తాళ్ళు చూడడం, అడుగునీళ్ళు తోడడం. కూర్చుంటే లేవలేనేమోనని కూర్చోవట్లేదు. ప్రార్థన మోకాళ్ళ మీద కాదు, బకెట్లు మోస్తూ చేసుకుంటున్నాను.

మంగళవారం

ఏబేలు పోయాడు. తెరచాపలు కుట్టేవాడు, నవ్వితే పొట్ట ఊగేది. పొద్దున మరుగుదొడ్డికని లేచాడు. గుమ్మం దాకా వచ్చి, ఛాతీ పట్టుకుని, ఊపిరి అందట్లేదన్నాడు. నేను పట్టుకునేలోగా జారిపోయాడు. పెదాలు నీలంగా అయిపోయాయి. కళ్ళలో చూపు పోయాక కూడా లోపల తిరగలి రొద చేస్తూనే ఉంది. ప్రసన్న వచ్చి పెట్టె ఆపేదాకా నేను ఆ రొద వింటూ నిలబడ్డాను. అంత ఒంటరి చప్పుడు ఇంకోటి నేను వినలేదు.

నెహెమ్యా గారు మంచం మీదే కూర్చుని ఏడ్చారు. ఏబేలు ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. కళ్ళు తుడుచుకుని అందరికీ వినపడేలా అన్నారు. "లేచాడు కాబట్టి పోయాడు. చూశారుగా. ఇకమీదట మరుగుదొడ్డికి కూడా ఎవరూ లేవకూడదు. మంచం దగ్గరికే బేసిను వస్తుంది."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. కళ్ళ ముందు జరిగిందాన్ని ఎవరు కాదంటారు? మనిషి లేచాడు, మనిషి పోయాడు. బేసిన్లు మొయ్యడం కూడా మా పదిమంది పనుల్లో చేరింది.

శుక్రవారం

ఇవాళ మార్త పోయింది. లేవలేదు. మంచం మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలింది, అంతే. అదే ఊపిరి, అదే నీలం.

శవాన్ని కడిగింది నేనే. కుడి కాలు మామూలుగా ఉంది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. పిక్క పట్టుకుంటే పచ్చి కొయ్యలా గట్టిగా ఉంది. ఏబేలుని కడిగినవాళ్ళని పోయి అడిగాను. అతనికీ ఒక కాలే వాచిందన్నారు.

ఛార్జింగు గదికి వెళ్ళి ప్రసన్నని పట్టుకున్నాను. ఓడ డాక్టర్ల దగ్గర ఆ పిల్ల రెండేళ్ళు పని నేర్చుకుంది.

"కాలికీ ఊపిరికీ ఏంటే సంబంధం?"

ప్రసన్న చేతిలోని వైరు పక్కన పెట్టింది. "ఒళ్ళంతా తిరిగొచ్చిన నెత్తురు ముందు ఊపిరితిత్తుల్లోకే పోతుంది పిన్నీ, గాలి తెచ్చుకోడానికి. గాలి పట్టాకే మళ్ళీ ఒంట్లోకి. కాల్లో గడ్డ కట్టి, ఆ గడ్డ ఊడి పైకొస్తే, దారిలో ఎక్కడా ఇరుకు తగలదు. ఊపిరితిత్తుల్లోకి పోయాక దారులు సన్నగా చీలిపోతాయి. అక్కడ అడ్డం పడుతుంది."

"కాల్లో ఎందుకు గడ్డ కట్టింది మరి?"

"బిళ్ళలు ఆపేశాంగా."

"నువ్వూ ఆపేశావు. నీ కాళ్ళు చూపించు."

చూపించింది. కొంగ కాళ్ళలా సన్నగా ఉన్నాయి రెండూ. ఆ పిల్ల ఆజ్ఞ పాటించట్లేదు. ఎలా పాటిస్తుంది, పొద్దున్నించీ మంచం మంచానికీ వెళ్ళి పెట్టెలు చూడాలి కదా.

శనివారం

గంజి పెడుతుంటే ఎలీషా మొహం చిట్లించాడు.

"పిక్క పట్టేసిందే. కుడిది."

గిన్నె కింద పెట్టేశాను. దుప్పటి లాగి చూశాను. వల దారం ముక్క తీసి ఎడమ పిక్క చుట్టూ చుట్టి ముడేశాను. అదే దారం కుడి పిక్కకి అందలేదు. మధ్యలో రెండు వేళ్ళ ఖాళీ.

"చేపని కొలిచినట్టు కొలుస్తావేంటే. ఎంత తూగాను?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన కూడా ఆపేశాడు. ఏబేలు పక్క మంచమే ఆయనది.

ఏం చెయ్యాలో తెలీక పంపు దగ్గరికి పోయాను. నాకు తొక్కుతుంటేనే బుర్ర పనిచేస్తుంది. మా పంపు గొట్టంలో తోలు రేకులుంటాయి. తొక్కితే నీళ్ళు పైకి లేచి రేకుని తోసుకుంటాయి. కాలు తీస్తే నీళ్ళు కిందికి జారబోతాయి, ఆ బరువుకే రేకు మూసుకుంటుంది. రేకులు ఎంత బాగున్నా తొక్కేవాళ్ళు లేకపోతే నీళ్ళు గొట్టంలో నిలబడి పాచిపడతాయి. ఆ పాచి ముద్దలు నేనే ఎన్నిసార్లో తీశాను.

తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయాను. తాడు లాగేవాళ్ళు కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళని భయపెట్టడానికి ఒక ఆట ఆడతారు. ఎలీషా దాంట్లో మొనగాడు. పరిగెత్తుకుంటూ ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను.

"నరం ఖాళీ చేస్తావే, అది చెయ్యి."

"ఇప్పుడా? పంపు వదిలేసొచ్చి ఆటలా?"

"చెయ్యవయ్యా."

ముంజేతి మీద ఉబ్బిన నరం మీద, మణికట్టు వైపు, ఒక వేలు నొక్కిపెట్టాడు. రెండో వేలితో అక్కణ్ణించి మోచేతి వైపు తుడిచాడు. నరం చదునైపోయింది. పైన వేలు తీసేశాడు. నెత్తురు కిందికి జారలేదు, మధ్యలో ఒక బుడిపె దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తర్వాత మణికట్టు దగ్గరి వేలు తీశాడు. కింది నుంచి ఒక్కసారి నిండింది.

"ఆ బుడిపె ఏంటి?"

"ఏమో. మేం తలుపంటాం."

"ఏ వైపుకి తెరుచుకుంటుంది?"

ఆయన మళ్ళీ చేసి చూశాడు. "పైకి. గుండె వైపుకి."

నేను నేల మీద కూర్చుండిపోయాను. వారం రోజుల్లో కూర్చోవడం అదే మొదలు. తిరగలి నెత్తుటిని పంపుతుంది. గట్టి గొట్టాల్లోంచి, చీలుతూ చీలుతూ, వెంట్రుకకంటే సన్నమైన దారుల దాకా పంపుతుంది. అక్కడికి చేరేసరికి ఆ తోపు దాదాపు అయిపోతుంది. తిరిగి రావలసినవి మెత్తటి నరాలు, వాటికి సొంత బలం లేదు. మెట్టు మెట్టుకీ తలుపులు మాత్రం పెట్టి ఉంచాడు దేవుడు. తొక్కేదెవరు? పిక్క. అడుగేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని ఆ నరాన్ని పిండుతుంది, నెత్తురు ఒక తలుపు పైకెక్కుతుంది, తలుపు మూసుకుంటుంది. వరసలో నిలబడ్డవాళ్ళు పడిపోయి ప్రసన్న పడకపోవడానికి కారణం అదే. తిరగలిని నెమ్మది చేశాం, సరే. ఆ పైన పడక ఆజ్ఞ వేసి, మిగిలిన పంపుని కూడా మేమే ఆపేశాం.

ప్రాణం నెత్తుట్లో ఉందని నేను ఎన్ని ఆదివారాలు అరిచాను. ఆ నెత్తురు ఇంటికి ఎలా తిరిగొస్తుందో ఒక్కసారి అడగలేదు.

ప్రసన్న బిళ్ళల డబ్బా తెచ్చింది. ఎలీషాకి ఇచ్చింది. "వాచిన కాలితో ఇప్పుడే నడిపించకు పిన్నీ. గడ్డ కొత్తది. రెండు రోజులు బిళ్ళ పడనీ. కాలు ఎత్తుగా పెట్టి పాదం ఆడిస్తూ ఉండమను. వాపు లేనివాళ్ళని మాత్రం ఇవాళే లేపాలి."

"ఛార్జీ?"

"అదే కదా నేనూ ఆలోచించనిది. తాళంచెవితో పెట్టిన వేగం పెట్టినట్టే ఉంటుంది. మనిషి పడుకున్నా నడిచినా తిరగలి దాదాపు అంతే తాగుతుంది. పడుకోబెట్టి మనం మిగిల్చింది ఏమంత లేదు."

ఆదివారం

గుమ్మంలో నిలబడి నా ముంజెయ్యి చాపి, నరం ఖాళీ చేసి చూపించాను. పోయిన ఆదివారం నేను చెప్పింది తప్పు, లేవండి అన్నాను. ఊరకుండమన్న మాట భయపడి పరుగులెత్తేవాళ్ళకి. గ్రంథంలో, ముప్పై ఎనిమిదేళ్ళు జబ్బుతో కోనేటి పక్కన పడి ఉన్నవాడితో ప్రభువు ఆ మాట అనలేదు. పరుపెత్తుకుని నడవమన్నాడు.

ఎవరూ లేవలేదు. ఎవరి కళ్ళలో చూసినా ఏబేలే కనపడుతున్నాడు.

నెహెమ్యా గారు మంచం మీంచే అన్నారు. "పోయిన వారం దేవుడు పడుకోమన్నాడు. ఈ వారం లేవమంటున్నాడు. దేవుడు మారాడా దీవెనమ్మా, నీ ఒళ్ళు అలిసిందా?"

ఎవరో నవ్వారు. వెనక నుంచి ఇంకో ఆడగొంతు, "బేసిన్లు మొయ్యలేక లేపుతోంది మనల్ని," అంది.

నా నోరు ఎప్పుడూ తడుముకోదు. ఇవాళ తడుముకుంది. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. "అలిసిపోయాను," అన్నాను. "మీ గంజి, మీ బేసిన్లు, మీ శవాలు మోసి అలిసిపోయాను. మీరు లేస్తే నాకు సుఖమే. లేవకపోతే మోస్తాను, ముందు బేసిన్లు, తర్వాత మిమ్మల్ని. ఇంతే నాకు తెలిసింది."

ఎప్పటిలా ఆమెన్ రాలేదు. ఎలీషా ఒక్కడే ఏదో అనబోయి, నేను చూసిన చూపుకి ఆగిపోయాడు.

మంగళవారం

బిళ్ళ పడ్డ మూడు రోజుల్లో ఎలీషా కాలి వాపు కొంచెం దిగింది. దారం ఇప్పుడు ఒక వేలు ఖాళీతో ఆగింది. ఆదివారం నుంచీ నా మాట మీద ఒక్కరు కూడా మంచం దిగలేదు.

మధ్యాహ్నం గంజి పంచుతుంటే ఎలీషా దుప్పటి తీసేశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఉప్పు తెచ్చుకోమన్నావుగా."

"నేను తెస్తాను. పడుకో."

"నువ్వు లేవమంటే ఎవడూ లేవట్లేదే. పెళ్ళాం మాట మొగుడే వినకపోతే ఇంకెవడు వింటాడు?" తర్వాత నాకు మాత్రమే వినపడేలా, "భయంగానే ఉంది. చెయ్యి పట్టుకో," అన్నాడు.

మంచాల మీద అందరూ తలలెత్తారు. మంచం అంచున కూర్చుని, మడమలు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు, తాడు లాగడానికి ముందు చేసేలాగ. లేచాడు. మొహం పాలిపోయింది. "నిలబడకు, అడుగెయ్యి," అన్నాను. వేశాడు. ఇంకోటి. గోడకి కట్టిన తాడు పట్టుకున్నాడు. నా గుండె నా చెవుల్లో కొట్టుకుంటోంది, ఆయన లోపల ఏం జరుగుతోందో నాకు వినపడదు. నేను ప్రార్థన చెయ్యలేదు. ఆయన పెదాల రంగు చూస్తూ నడిచాను.

ఏబేలు పడిన గుమ్మం దగ్గర ఆయన కాలు ఆగింది. నేను తొందరపెట్టలేదు. కాసేపు దాన్ని చూసి, దాటాడు. బయట ఉప్పు జాడీ దాకా వెళ్ళి, చిటికెడు తీసుకుని, తిరిగొచ్చి గంజిలో వేసుకున్నాడు. పెదాలు నల్లగానే ఉన్నాయి, ఎప్పుడూ ఉండే బీడీల నలుపు. ఆ నలుపు చూసి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఇంకో చుట్టు తిరుగుతా," అన్నాడు. "మంచం మీద వీపు పుండైపోయింది."

రెండో చుట్టులో నెహెమ్యా గారి మంచం పక్కగా వెళ్తుంటే, ఆయన చిన్న గొంతుతో అన్నారు. "ఎలీషా, మీ ఆవిణ్ణి ఇటు రమ్మను."

వెళ్ళాను. ఆయన చుట్టూ చూసి, పంచె మోకాలి దాకా లాగారు. ఎడమ కాలు. మార్త కాలు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఎప్పట్నుంచి పెద్దయ్యా?"

"మార్త పోయిన రోజు నుంచి."

"చెప్పలేదేం?"

"ఆజ్ఞ వేసింది నేను. నాకే వస్తే ఏమని చెప్పను?" పంచె సర్దుకుంటూ, "లేచాడు కాబట్టి పోయాడన్నాను. పడుకోబట్టే గడ్డ కట్టింది, లేచినప్పుడు ఊడింది. అంతేనా?" అన్నారు.

"అంతే."

ప్రసన్న బిళ్ళ ఇచ్చింది. ఆయన మింగి, పడుకునే, గది చివరి మంచానికి కూడా వినపడే గొంతుతో ఆజ్ఞ ఎత్తేశారు. కాళ్ళు వాచినవాళ్ళు చేతులెత్తండన్నారు. ముందు ఆయన చెయ్యే ఎత్తారు. నాలుగు చేతులు లేచాయి. మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మంచాలు దిగారు.

బుధవారం, ఇవాళ

తెప్ప మొత్తం నడుస్తోంది. మాట్లాడుకోగలిగినంత నెమ్మదిగా, తాడు పట్టుకుని, ఇద్దరిద్దరు. తల తిరిగితే కూర్చుని పాదాలు ఆడిస్తారు, నిలబడిపోరు. పంపు దగ్గర వంతులు వేసుకున్నారు. ఎలీషా కాలు ఇంకా పూర్తిగా దిగలేదు, దిగుతుందో లేదో నాకు తెలీదు. పొద్దున నన్ను చూసి, "కాసేపు పడుకోవే, నీ తలుపు తట్టేవాడికి కూడా విశ్రాంతి కావాలి," అన్నాడు. పడుకోబోయాను.

అప్పుడు మీ గంట వినపడింది, రెండో తెప్పది. పోయిన మనిషిని సముద్రంలోకి దించేటప్పుడు కొట్టే గంట. గంజి వేళకి మళ్ళీ మోగింది. మీరూ పడక ఆజ్ఞ వేశారని మాకు తెలుసు, మా దగ్గర చూసే వేశారు. అందుకే పడుకోకుండా ఇది రాస్తున్నాను.

మావాళ్ళకి సరిపడా ఉంచుకుని, మిగిలిన బిళ్ళలు ఈ కాగితంతో పంపుతున్నాం. ప్రసన్న కూడా పడవలో వస్తోంది. కాలు వాచినవాళ్ళు, పిక్క నొప్పి ఉన్నవాళ్ళు ఆ పిల్లకి చెప్పండి, బిళ్ళ పడేదాకా కాలు ఎత్తుగా పెట్టుకుని పాదం ఆడించండి. రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నవాళ్ళు ఆదివారం సంఘం కూడేదాకా ఆగకండి, నా మాట నిజమో కాదో తేల్చుకునేదాకా కూడా ఆగకండి. మీ ముంజేతి మీద నరం తుడిచి చూసుకోండి, సాక్ష్యం మీ ఒంట్లోనే ఉంది. మీలో కొట్టుకునేవాళ్ళెవరైనా అలిసిపోయి గోడకి జారగిలబడి ఇది వింటుంటే, అమ్మా, అయ్యా, ఇంకొక్కసారి లేచి పక్క మంచం వాళ్ళకి చెయ్యి అందించండి.

చదివేవాళ్ళు కాగితం మడవండి. వినేవాళ్ళు దుప్పటి తియ్యండి. మడమలు ఎత్తి దించండి. లేవండి. పడవ మీ తెప్ప నుంచి తిరిగి వెళ్ళేలోగా, ఇవాళే, మొదటి అడుగు వెయ్యండి.